అధికారం ఒక అమానతు

అల్లాహ్ ఒక మనిషికి పదిమందిపై అధికారం ఇచ్చాడంటే అది ఆయన అనుగ్రహం. అదే సమయంలో అది పరీక్ష కూడా. అనుగ్రహమని సంతోషించేవారు చాలామంది ఉన్నారు. పరీక్ష అని జాగ్రత్తపడేవారు తక్కువ.

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో శ్రీసిటీ ప్రారంభమైన తర్వాత ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. సేద్యం, కూలిపని, చిన్న వ్యాపారాలు చేసుకునే ఇళ్ళ పిల్లలు ఇప్పుడు షిఫ్టు బస్సులెక్కి కర్మాగారాలకు వెళుతున్నారు. ఐటిఐ, డిప్లొమా చదివిన మన ముస్లిం యువకులూ వారిలో ఉన్నారు. కొందరు నాలుగైదేళ్ళలోనే సూపర్‌వైజర్లు అవుతున్నారు. అల్‌హందులిల్లాహ్! ఇది సంతోషించవలసిన విషయమే.

అలాంటి యువకుడొకడు ఒకనాడు జుమా నమాజు తర్వాత మా దగ్గర కూర్చుండిపోయాడు. అతను పనిచేసే చోటు పేరు ఇక్కడ అనవసరం. రాత్రి షిఫ్టులో పెద్ద వయసు ఆపరేటరు ఒకాయన అతని దగ్గరకొచ్చి, “నాయనా, మిషను శబ్దం తేడాగా ఉండాది. ఒక అరగంట నిలిపి చూద్దామా?” అన్నాడట. ఆయన ఇతనికి పని నేర్పిన మనిషి. ఇతను పదిమంది ముందు, “ఇక్కడ సూపర్‌వైజరు నువ్వా, నేనా? చెప్పింది చెయ్యి!” అన్నాడు. తెల్లవారేసరికి మిషను ఆగిపోయింది, సరుకు పాడైంది. మేనేజరు అడిగితే, “ఆపరేటరు నాకేమీ చెప్పలేదు” అనేశాడు. ఆ పెద్దాయనకు మూడు రోజుల జీతం కోత పడింది.

“హజ్రత్, మెత్తగా ఉంటే ఎవరూ మాట వినరు. నాకు పని తెలుసు, ఆ ధైర్యంతోనే మాట్లాడాను. ఆ ధైర్యం కూడా తకబ్బురేనా?” అని అడిగాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. అందుకే దీన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాం.

రెండు ‘జ్ఞానాలు’

సోదరసోదరీమణులారా! తన పని తనకు తెలుసని చెప్పుకోవడం అహంకారం కానే కాదు. దివ్యఖుర్ఆన్‌లో యూసుఫ్ అధ్యాయం 55వ ఆయతు చూడండి. హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టు రాజుతో, దేశపు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని స్వయంగా అడిగారు. తాను వాటిని కాపాడగలననీ, ఆ పని తనకు తెలుసుననీ చెప్పారు. ముందున్నది ఏడేళ్ళ కరవు. లక్షల కడుపుల ప్రశ్న. అలాంటప్పుడు “నాకేం తెలుసులెండి” అని వెనక్కి తగ్గడం వినయం కాదు, బాధ్యత నుంచి తప్పించుకోవడం అవుతుంది. ఇంటర్వ్యూలో నేర్చిన పనిని కూడా చెప్పుకోలేక తల దించుకునే మన పిల్లలు ఈ ఆయతును గుర్తుంచుకోవాలి.

ఇక ఖారూన్‌ను చూడండి. అతనూ జ్ఞానం మాటే ఎత్తాడు. తనకున్న సంపదంతా తన జ్ఞానం వల్లే వచ్చిందన్నాడని ఖసస్ అధ్యాయం 78వ ఆయతు చెబుతోంది. ఇద్దరి నోటా జ్ఞానం మాటే వచ్చింది. తేడా ఎక్కడుంది? యూసుఫ్ (అ) అధికార శిఖరం మీద నిలబడి, ఈ అధికారమూ ఈ జ్ఞానమూ తన ప్రభువు ఇచ్చినవేనని ఒప్పుకున్నారు. ముస్లింగానే మరణం ప్రసాదించమని వేడుకున్నారు. తనను బావిలో పడవేసిన అన్నలు చేతికి చిక్కినప్పుడు కూడా ఒక్క నిందమాట అనకుండా క్షమించారు. ఖారూన్ మాత్రం ఇచ్చినవాణ్ణే మరచిపోయాడు. చివరకు అతన్నీ, అతని ఇంటినీ భూమి మింగేసింది.

ఆత్మవిశ్వాసం ఉన్నవాడు “నాకిది తెలుసు” అంటాడు. అహంకారి “నాకు తెలుసు గనుక నీకంటే నేను గొప్ప” అంటాడు. ఈ రెండో మాటను మొట్టమొదట పలికినవాడు ఇబ్లీసు. ఆదం (అ) కంటే తానే మేలన్నాడు, ధూత్కరించబడ్డాడు.

ప్రవక్త ఇచ్చిన గీటురాయి

అణువంత అహంకారం హృదయంలో ఉన్నా స్వర్గప్రవేశం లేదని దైవప్రవక్త (స) హెచ్చరించినప్పుడు సహచరులు కంగారుపడ్డారు. మంచి బట్టలు, మంచి చెప్పులు వేసుకోవాలని మనిషికి ఉంటుంది కదా, అదీ అహంకారమేనా అని ఒకాయన అడిగారు. కాదన్నారు ప్రవక్త (స). అల్లాహ్ అందాన్ని ఇష్టపడతాడని చెప్పి, అహంకారమంటే రెండు విషయాలని వివరించారు: సత్యాన్ని తోసిపుచ్చటం, సాటి మనుషుల్ని చిన్నచూపు చూడటం. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు మన ఉద్యోగ జీవితానికి గీటురాయి.

ఆ రాత్రి షిఫ్టును దీనిమీద గీసి చూడండి. శబ్దం తేడాగా ఉందన్నది సత్యం. దాన్ని తోసిపుచ్చాడు. చెప్పినవాడు తన కింది మనిషి. అతన్ని చిన్నచూపు చూశాడు. రెండూ ఒకే మాటలో జరిగిపోయాయి.

హజ్రత్ అబూజర్ (రజి) వంటి మహనీయుడు కూడా ఒకసారి కోపంలో ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి ఎగతాళి చేశారు. ఆయనలో ఇంకా అజ్ఞానకాలపు వాసన ఉందని దైవప్రవక్త (స) మందలించారు. పనివారు మీ సోదరులనీ, అల్లాహ్ వారిని మీ చేతి కింద ఉంచాడనీ బోధించారు. తినేదే వారికి తినిపించమన్నారు. కట్టేదే వారికి కట్టమన్నారు. శక్తికి మించిన పని చెప్పవద్దన్నారు, చెప్పవలసి వస్తే తామూ చేయి వేయమన్నారు. బుఖారీలో ఈ ఉదంతం ఉంది. తర్వాతి కాలంలో అబూజర్ (రజి)ను రబజాలో చూసినవారు ఆయన ఒంటిమీదా ఆయన బానిస ఒంటిమీదా ఒకే రకం వస్త్రాలుండటం చూసి ఆశ్చర్యపోయారు. ఒక్క మందలింపు ఒక మనిషిని జీవితాంతం మార్చింది!

నాయకుడు ఎలా ఉండాలి?

మెత్తగా ఉంటే మాట వినరన్నది ఆ యువకుని భయం. హిజ్రీ 5వ సంవత్సరం, అంటే క్రీ.శ. 627లో మదీనా ముట్టడికి శత్రుసేనలు వస్తున్నాయి. కందకం తవ్వుదామన్నది హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహా అని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆయన పర్షియా నుంచి వచ్చినవారు, అంతకు ముందు బానిసగా బ్రతికినవారు. ప్రవక్త (స) ఆ సలహాను స్వీకరించారు. స్వీకరించి గట్టున నిలబడలేదు. పొట్టమీది చర్మం దుమ్ములో కప్పుకుపోయేంతగా స్వయంగా మట్టి మోశారు. అలాంటి నాయకుని మాట ఎవరు కాదంటారు?

మనకు చేరువలోనే, పులికాట్ సరస్సు అవతల ఉన్న శ్రీహరికోటలో జరిగిన సంగతి కూడా చెప్పుకోవాలి. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు ప్రయోగం విఫలమై రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టుకు నాయకుడు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం. కంప్యూటరు ప్రయోగాన్ని ఆపమని హెచ్చరించినా ముందుకు సాగాలన్న నిర్ణయం తనదేనని ఆయన తర్వాత బహిరంగంగానే చెప్పుకున్నారు. ఆనాడు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ పత్రికల వారి ముందుకు తానే వెళ్ళి, ఆ వైఫల్యాన్ని తనమీద వేసుకున్నారు. తన బృందంపై నమ్మకం ప్రకటించారు. 1980 జూలై 18న ప్రయోగం విజయవంతమైంది. అప్పుడు మాత్రం పత్రికల వారితో మాట్లాడమని కలాంను పంపారు. నింద తాను మోసి, మెప్పు కింది వారికి ఇచ్చారు. ఈ పాఠాన్ని కలాం జీవితాంతం చెబుతూనే ఉన్నారు. మంచి ఎవరి దగ్గరున్నా నేర్చుకోవడం విశ్వాసికి సిగ్గు కాదు.

మన యువకుడు చేసింది దీనికి సరిగ్గా తలక్రిందులు. నింద కిందికి నెట్టాడు.

నమాజు ఉండీ దివాలా

అతను అయిదు పూటలా నమాజు చేసేవాడే. కానీ దైవప్రవక్త (స) అసలైన దివాలాకోరు ఎవరో చెప్పారు. నమాజు, ఉపవాసాలు, జకాతు అన్నీ వెంట తెచ్చుకుంటాడు. అయితే ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరిమీద నింద మోపి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు. ప్రళయదినాన వాడి పుణ్యాలన్నీ వారికి పంచబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు వీడి నెత్తిన పడతాయి. దాసుల హక్కు తౌబాతో మాత్రమే తీరేది కాదు. హక్కుదారునికి చెల్లించాలి, అతను క్షమించాలి. ఆ హక్కుదారుడు ముస్లిమైనా, ముస్లిమేతరుడైనా అన్యాయం అన్యాయమే.

అందుకే మేము అతనికి మూడు మాటలు చెప్పాం. పదిమంది ముందు అవమానించావు గనుక పదిమంది ముందే క్షమాపణ అడుగు. మేనేజరు దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పు. ఆ మూడు రోజుల జీతం నీ జేబులో నుంచి అయినా ఇవ్వు. “నా ఉద్యోగం పోతే?” అన్నాడు. అన్నదాత మేనేజరు కాదు, అల్లాహ్ అని గుర్తుచేశాం. ఆ మాట చెప్పడం మాకు తేలిక, చేయడం అతనికి కష్టమని మాకూ తెలుసు. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులున్నారు, చెల్లెలి పెళ్ళి ముందుంది.

రెండు వారాల తర్వాత వచ్చాడు. మూడు పనులూ చేశాడు. ఉద్యోగం నిలిచింది గానీ మెమో చేతికొచ్చింది, ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. పెద్దాయన “సరేలే నాయనా” అన్నాడట. అయితే మునుపటిలా పక్కన కూర్చుని అన్నం తినడం లేదట. మాట చేసిన గాయం మానడానికి కాలం పడుతుంది. “కానీ హజ్రత్, ఇప్పుడు మిషను శబ్దం మారితే ముందు నాకే చెబుతున్నారు” అన్నాడు. భయపెట్టి చేయించుకోలేనిది అతనికి అలా దక్కింది.

తల్లిదండ్రులారా! మీ బిడ్డకు ప్రమోషన్ వచ్చిన రోజున మిఠాయి పంచండి. ఆ రాత్రే పక్కన కూర్చోబెట్టుకుని, “నీ చేతి కింద ఎంతమంది ఉన్నారు? వారి పేర్లు తెలుసా? వారు నీ తప్పు చెబితే వింటావా?” అని కూడా అడగండి. కార్ఖానాలో అరవడం అలవాటైన నోరు ఇంట్లోనూ ఊరుకోదు.

అల్లాహ్ మనకు పనిలో నేర్పునూ, మాటలో ధైర్యాన్నీ, సత్యం ఎవరి నోట వచ్చినా వినే చెవినీ ప్రసాదించుగాక! మన చేతి కింద ఉన్నవారు ప్రళయదినాన మనమీద ఫిర్యాదుదారులుగా నిలబడే దుస్థితి నుంచి మనల్ని కాపాడుగాక! ఆమీన్.