పక్షులకు గింజలు: దానమా, రుణమా?

గృహస్థు చేయవలసిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. వండిన అన్నంలో కొంత కాకులకు, కుక్కలకు, పురుగులకు పెట్టాలి. మనుస్మృతి మూడో అధ్యాయం దాన్ని విసరకుండా నేల మీద మెల్లగా ఉంచమంటుంది. పుచ్చుకునేది కాకి అయినా మర్యాద తప్పకూడదన్నమాట. కారణమూ అక్కడే ఉంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ వాడే ఇంట్లో తెలియకుండానే ప్రాణులు చస్తాయి. ఆ దోషానికి ఈ యజ్ఞాలు పరిహారం. అంటే పెట్టేవాడు దాత కాడు, రుణం తీర్చుకునేవాడు.

సంక్రాంతి వేళ కోనసీమ ఇళ్ల చూరులకు వేలాడే వరి కంకుల కుచ్చులదీ ఇదే భావం: పంటలో పిచ్చుకకూ పాలుంది.

అయితే రుణం తీర్చాలన్న తపన ఒక్కటే చాలదు. చలికాలంలో తోట పక్షులకు గింజలు పెట్టే అలవాటు బ్రిటన్‌లో చాలా ఇళ్లలో ఉంది. 2005 నుంచి అక్కడ ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి గ్రీన్‌ఫించ్ పిట్టలను పెద్ద సంఖ్యలో చంపింది. జబ్బు పిట్టల ఎంగిలి పడిన గింజలు, నీళ్ల ద్వారా అది వ్యాపిస్తుంది. పిట్టలు గుమిగూడే పళ్లెం దానికి అనువైన చోటు. మంచి మనసుతో పెట్టిన మేతే కీడు చేస్తే ఆ బాధ్యత ఎవరిది?

ఈ ప్రశ్నకు జైనం గట్టి జవాబు ఇస్తుంది. వస్తువును తీయడంలో, పెట్టడంలో కూడా జాగ్రత్త వహించడాన్ని అది సాధువులకు ‘సమితి’ అనే నియమంగా విధించింది. ఏమరుపాటూ హింసకు మూలమే. ఆ లెక్కన పళ్లెం కడగడం, రోజూ నీళ్లు మార్చడం, జబ్బు పిట్ట కనబడితే కొన్నాళ్లు మేత ఆపడం కూడా భూతదయలో భాగాలే.