మగ్గం గుంటలో జనరంజని

మగ్గం మీద కూర్చున్న మనిషికి ఖాళీగా ఉండేవి చెవులు మాత్రమే. కాళ్లు గుంటలో తొక్కుడు పలకల మీద ఉంటాయి. ఒక చెయ్యి నాడెను ఆడిస్తుంది, రెండోది పన్నెను గుద్దుతుంది. పోగు ఎక్కడ తెగుతుందోనని కళ్లు పడుగు మీదే కాపలా కాస్తాయి. చదువుతూ నేయలేరు, చూస్తూ నేయలేరు, వింటూ మాత్రం పొద్దంతా నేయొచ్చు. గద్వాల చీరలు నేసే అమరచింత వంటి ఊళ్లలో రేడియో ఇంటి మనిషిలా పాతుకుపోయిందంటే మొదటి కారణం ఇదే.

చేతులు పనిలో ఉన్నవాళ్లకు చెవుల ఆకలి ఎక్కువని లోకం చాలాచోట్ల గుర్తించింది. క్యూబాలోని హవానాలో 1865 నుంచే చుట్టల ఫ్యాక్టరీల్లో ఒక మనిషి ఎత్తయిన పీట మీద కూర్చుని పత్రికలు, నవలలు బిగ్గరగా చదివేవాడు. అతని జీతం చుట్టలు చుట్టేవాళ్లే తలా కొంత వేసుకుని ఇచ్చేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1940 జూన్‌లో బీబీసీ ఫ్యాక్టరీ కార్మికుల కోసం ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ మొదలుపెట్టింది. మన హైదరాబాద్ ఆకాశవాణికి కార్మికుల కార్యక్రమం ఉండేది. అందులో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబుల కబుర్లు వినని మగ్గాల ఇల్లు పాలమూరు జిల్లాలో ఉండేది కాదంటే పెద్ద అతిశయోక్తి కాదు.

ఈ వ్యాసకర్త చిన్నతనం అలాంటి ఒక మగ్గాల ఇంట్లోనే గడిచింది. తర్వాత కొంతకాలం ఒక ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రంలో క్యాజువల్ అనౌన్సర్ ఉద్యోగం. పాట వచ్చే చోటా, పాట బయల్దేరే చోటా రెండూ చూసిన మనిషికి ఒక ప్రశ్న ఏళ్ల తరబడి వెంట తిరిగింది. జనం తమకు బాగా తెలిసిన పాట కోసమే ఎందుకు అంతగా ఎదురుచూస్తారు? కొత్తది వినిపిస్తామంటే ఎందుకు అంత చప్పగా ఊకొడతారు?

జవాబు వెతకాలంటే ముందు సినిమా పాట రేడియోలోకి ఎలా వచ్చిందో గుర్తుచేసుకోవాలి, ఎందుకంటే అది అడగ్గానే దొరికిన వరం కాదు. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా సంగీతాన్ని తక్కువగా చూశాడు. ఆయన హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాట దాదాపు మాయమైంది. ఆ ఖాళీలోకి సముద్రం అవతలి నుంచి రేడియో సిలోన్ వచ్చింది. యుద్ధకాలంలో సైన్యం కోసం ఏర్పడ్డ స్టేషన్ అక్కడ మిగిలి ఉండటం దానికి కలిసొచ్చింది. 1952 చివర్లో అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలుపెట్టాడు. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు కొలంబోకు విమానంలో వెళ్లి, అక్కణ్నుంచి అలల మీద మళ్లీ ఇండియాకే తిరిగొచ్చేవి. తెలుగువాళ్లకు సిలోన్ అంటే మీనాక్షి పొన్నుదురై గొంతు. సొంత దేశం రేడియో వద్దన్న పాటను పరదేశం రేడియోలో తెలుగు మాటల మధ్య వినడం ఒక తరానికి రోజువారీ అలవాటైపోయింది.

చివరికి 1957 అక్టోబర్ 3న వివిధభారతి పుట్టింది. పైనుంచి కిందికి రుచి నేర్పాలని చూసిన ప్రభుత్వం ఐదేళ్లకే కింది రుచికి తలుపు తీయాల్సి వచ్చింది. ప్రసార చరిత్రలో శ్రోతలు గెలిచిన సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి, పెద్దది.

ఆ గెలుపుకు తెలుగులో అందరికీ తెలిసిన పేరు ‘జనరంజని’. శ్రోతలు ఉత్తరం రాస్తారు, అనౌన్సర్ వాళ్ల పేర్లు చదువుతాడు, పాట వేస్తాడు. ఇంతే. కానీ ఈ ‘ఇంతే’లో ఎంత ఉందో కార్డుల కట్ట ముందేసుకుని కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. అప్పటి పదిహేను పైసల కార్డు మీద పాట పేరు ఒక్క వరుస, మిగిలిందంతా మనుషుల పేర్లు. అమ్మ, నాన్న, అన్నలు, వదినెలు, పక్కింటి పిల్లలు, స్నేహితులు, అంతా కలిపి పదిహేను ఇరవై మంది. చోటు చాలక అంచుల వెంబడి కూడా పేర్లు. చివర ఊరు, వయా, తాలూకా, జిల్లా. వయా రాయకపోతే చిక్కే. ఆత్మకూరు అంటే ఏ ఆత్మకూరు? నెల్లూరు జిల్లాలో ఒకటుంది, శ్రీశైలం దారిలో ఒకటుంది, వరంగల్ దగ్గర ఒకటుంది, అమరచింత పక్కన ఒకటుంది. చదివే మనిషి జిల్లా పేరు మింగేస్తే ఒక ఊరి సంబరం ఇంకో ఊరికి పోతుంది.

స్టూడియోలో పని చాలావరకు గడియారంతో కుస్తీ. క్యూ షీట్ మీద సెకన్లతో సహా లెక్క ఉంటుంది. పాట నాలుగు నిమిషాలు, ప్రకటనలకు ఇంత, వార్తల రిలేకు సరిగ్గా అందుకోవాలి. మైకు ఫేడర్ పైకి లేపితే తలుపు మీద ఎర్రదీపం వెలుగుతుంది, ఇక దగ్గు కూడా రాష్ట్రానికి వినిపిస్తుంది. టైము మించిపోతుంటే ఏదో ఒకటి కోయాలి. కొత్తగా చేరినవాళ్లు పేర్లు కోస్తారు, పాట పూర్తిగా వేస్తారు. అనుభవం ఉన్నవాళ్లు పేర్లన్నీ చదివి, పాట చివరి చరణాన్ని ఫేడ్ చేస్తారు. సీనియర్లు నోటితో చెప్పకపోయినా చేతలతో నేర్పిన పద్ధతి ఇది. చరణం పోతే ఎవరూ ఫిర్యాదు రాయరు. పేరు పోతే మాత్రం వచ్చే వారం కార్డు వస్తుంది.

ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. కార్డు రాసినవాళ్లలో చాలామంది ఇళ్లలో అదే పాట క్యాసెట్ ఉంటుంది. కావాలంటే పదిసార్లు వేసుకోవచ్చు. అయినా కార్డు రాస్తారు, రెండు మూడు వారాలు ఎదురుచూస్తారు. క్యాసెట్‌లో వాళ్లు పాటను వింటారు. రేడియోలో తాము వింటున్నట్టు ఇంకొకరికి తెలుస్తుంది. ఈ రెండూ వేరువేరు సుఖాలు.

మిగతా సగం దూరదేశపు కథ ఒకటి చెబుతుంది. అమెరికాలో ఒమాహా నగరంలోని కె.ఓ.డబ్ల్యూ.హెచ్ స్టేషన్‌ను నడిపిన టాడ్ స్టార్జ్ 1950ల మొదట్లో ‘టాప్ ఫార్టీ’ పద్ధతికి బాట వేశాడు. నేటి హిట్ మ్యూజిక్ రేడియో అంతా దాని సంతానమే. ఆయనకు ఆ ఆలోచన ఒక బారులో తట్టిందని చెప్పుకుంటారు. కస్టమర్లు జూక్‌బాక్స్‌లో పొద్దస్తమానం అవే కొన్ని పాటలు వేయించారట. రాత్రి దుకాణం మూసేవేళ, వాటిని విని విని విసిగిపోవాల్సిన వెయిట్రెస్ తన సొంత నాణెం వేసి మళ్లీ అదే పాట పెట్టిందట. కథ ఎంతవరకు నిజమో గానీ అందులోని మనిషి నిజం. పగలంతా ఆ పాటను ఆమె ఇతరుల కోసం మోసింది. రాత్రికి తనకంటూ ఒకసారి కావాలనుకుంది.

స్టార్జ్ మాత్రం ఇందులోంచి వ్యాపార సూత్రం లాగాడు: తక్కువ పాటలు, ఎక్కువసార్లు. తర్వాత ఆ పని కంప్యూటర్లకు వెళ్లింది. ఏ పాట ఎన్ని గంటలకు మళ్లీ రావాలో, ఏ రెండు పాటలు పక్కపక్కన పడకూడదో నిర్ణయించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ప్రైవేటు స్టేషన్లలో మామూలు. 2006లో హైదరాబాద్‌కు ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చినప్పుడు ఈ పద్ధతే వచ్చింది. హుషారైన గొంతులు, ట్రాఫిక్ కబుర్లు, కొత్త సినిమా పాట గంటగంటకూ. వాటిని తక్కువ చేసి మాట్లాడటం ఈ వ్యాసకర్తకు ఇష్టం లేదు. ఆటో నడిపేవాళ్లకు, రాత్రి కాపలా ఉండేవాళ్లకు అవి నిజమైన తోడు. కానీ అక్కడ పాటను ఎంచేది సర్వే. శ్రోత అందులో ఒక శాతం.

పైగా ఆ గొంతులు అమరచింతదాకా రానే రావు. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు ఆనినంత మేరే పోతుంది, భూమి వంపు అడ్డమొస్తే ఆగిపోతుంది. 150 కిలోమీటర్లు దాటి ఉన్న పల్లెకు నగరం ఎఫ్ఎం పుకారు లాంటిదే. మీడియం వేవ్ అలా కాదు, నేలను పట్టుకుని పాకుతుంది. చీకటిపడ్డాక పైన వాతావరణంలో దాన్ని పీల్చేసే పొర పలచబడి, ఇంకా పైపొర మీంచి తిరిగి కిందికి దూకి వందల కిలోమీటర్లు వెళుతుంది. అందుకే పగలు 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ పలికే సెట్టులో రాత్రి ముల్లు కాస్త కదిపితే కన్నడం, తమిళం, ఇంకా ఏవేవో భాషలు కలిసిపోయి వినిపించేవి. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ప్రాంతానికి ఎటూ రాయచూరు కర్నూలు కన్నా దగ్గర. కన్నడ పాట మగ్గాల ఇళ్లకు పరాయిదిగా ఎన్నడూ అనిపించలేదు.

ముల్లు కదపడానికి మగ్గం దిగాలి. నేసేవాళ్లు దిగరు. కాబట్టి వచ్చిందల్లా విన్నారు: నచ్చిన పాట, నచ్చని పాట, ధరవరలు, వాతావరణం, హరికథ. నచ్చని పాట పదోసారికి నచ్చేది. ఇష్టం అనేది మనిషి లోపల ముందే తయారై ఉంటుందనీ, బయట దానికి సరిపడే పాటను వెతుక్కోవడమే మిగిలిందనీ ఇవాళ ఫోన్లు అనుకుంటాయి. మగ్గం గుంట అనుభవం వేరే. ఇష్టం చాలావరకు ఎదురుపడ్డవాటితో కలిసి బతకడం వల్ల పుడుతుంది, బంధువుల మీద పుట్టినట్టు. ఒకే గదిలో నాలుగు మగ్గాల మీద నలుగురు ఒకే పాట విని, ఒకే చోట కూనిరాగం అందుకుని, ఒకే చోట తప్పు పాడి నవ్వుకున్నప్పుడు ఆ పాట వాళ్లది అయింది. ఇప్పుడు నలుగురి చెవుల్లో నాలుగు పాటలు. ప్రతివాళ్లకూ కోరుకున్నదే దొరుకుతోంది, నిజమే. ఆ పాట గురించి పక్కవాళ్లతో మాట్లాడే అవసరం మాత్రం పోయింది. ఇది పాతకాలం మీద మమకారంతో అంటున్న మాట కాదు. కోరుకోనిది వినే అవకాశం తగ్గితే, కోరిక కూడా ఉన్నచోటే తిరుగుతుందన్న భయంతో అంటున్న మాట.

హిట్ పాటలు అసలే లేకుండా కూడా ఊరి రేడియో నడుస్తుందని జహీరాబాద్ దగ్గరి మాచునూరు చూపించింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద దళిత మహిళల చేతుల్లో నడిచింది. విత్తనాలు, చిరుధాన్యాలు, పండుగ పాటలు, సొంత యాసలో మాటలు. సినిమా లేదు, సర్వే లేదు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చి పాడి రికార్డు చేసిన పాటే వాళ్ల హిట్టు, ఎందుకంటే పాడింది ఎవరో వినేవాళ్లకు తెలుసు. జనరంజని కార్డు మీద పేర్లు అంచులదాకా నింపిన మనుషులు వెతికిందీ దాదాపు ఇదే.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అప్పటిదాకా ప్రైవేటు ఎఫ్ఎం లేని 234 పట్టణాల్లో 730 ఛానెళ్ల వేలానికి అనుమతి ఇచ్చింది. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. పాలమూరు వైపు రేపు అలాంటి స్టేషన్ వస్తే, హైదరాబాద్‌లో అల్లిన పాటల జాబితాను ఇక్కడి టవర్ మీంచి వదిలి ఊరుకుంటే చాలదు. రోజుకు ఒక గంటైనా అమరచింత, మక్తల్, అలంపూర్, కొల్లాపూర్ పేర్లు సరిగ్గా పలకగలిగిన మనిషి మైకు ముందు ఉండాలి. కార్డు అయినా, వాట్సాప్ సందేశమైనా, వచ్చిన పేర్లన్నీ చదవాలి. టైము చాలకపోతే పాట కోయాలి.