పరోక్షమున బలుకు మాట



నేడు మీ యెదుట నేను విచారింపదలచిన విషయము మిక్కిలి యల్పమైనదిగా దోచవచ్చును. పరమాత్మ స్వరూపమును గూర్చియో, సంఘసంస్కారమును గూర్చియో వినగోరి వచ్చిన విజ్ఞులకు, ఊసుపోక చెప్పుకొను మాటలను గూర్చి యుపన్యసించుట యేమని యాశ్చర్యము కలుగవచ్చును. అయినను మనలో పరధనము నపహరించినవారు బహుకొలదిమంది. ఎదుట లేనివానిని గూర్చి యొక్క మాటయైన నాడనివారు మాత్ర మొక్కరును లేరు. నేనును వారిలో జేరినవాడనే. ఆ సంగతి ముందు జెప్పెదను.

గత సంవత్సరము ఒక విశ్వవిద్యాలయమున కొందఱు విద్యార్థులును ఉపాధ్యాయులును వారమున కొకమారు గూడి గ్రంథపఠనము చేయుచు నన్నును రమ్మనిరి. సాహిత్యమునందును లోకవ్యవహారమునందును గుసగుసలకు గల స్థాన మెట్టిదని వారు విచారించుచుండిరి. మొదటినాడే నేనొక క్రొత్తమాట వింటిని. ఇంగ్లీషువారు దీనిని 'గాసిప్' అందురు గదా. ఆ పదము పుట్టినప్పుడు దాని యర్థము వేఱు. శిశువునకు జ్ఞానస్నానము చేయించు వేళ దైవసన్నిధిని పూచీవహించి బంధువైనవానిని ప్రాచీనాంగ్లమున 'గాడ్‌సిబ్' అనుచుండిరి. క్రమముగా నది యాప్తమిత్రులకును, ప్రసవసమయమున దోడుండు స్త్రీలకును జెల్లి, తుదకు వ్యర్థప్రలాపములకు బేరయ్యెను. దేవుని యెదుట జుట్టఱికమునకు బేరైనది పరుల వెనుక నాడు మాటకు బేరగుట చూడుడు!

ఈ మాటలను శాస్త్రజ్ఞులందఱును నిందింపలేదు. మాక్స్ గ్లక్‌మన్ అను మానవశాస్త్రవేత్త 1963లో వ్రాసిన వ్యాసమున, ఒక సంఘమువారిని గట్టిగా గలిపియుంచు బంధములలో నిదియు నొకటి యనెను. రాబిన్ డన్‌బార్ 1996లో ప్రకటించిన గ్రంథమున, వానరములు ఒకదాని మేని రోమముల నొకటి దువ్వి చెలిమి నిలుపుకొనునట్లు మనుష్యులు మాటలచే నిలుపుకొందురని వాదించెను. పెట్రీషియా మేయర్ స్పాక్స్ అను విదుషీమణి 1985లో ఈ విషయముమీదనే యొక గ్రంథము వ్రాసి, అధికారము లేనివారికి ఈ రహస్యసంభాషణ మొక యాలంబన మనెను. ఆమె మాటను నేను త్రోసివేయజాలను. క్రూరుడైన యజమానుని గూర్చి పనికత్తె యొకతె వేఱొకతెకు జెప్పి హెచ్చరించినచో దానిని కొండె మనుట యన్యాయము. న్యాయస్థానము తలుపులు మూయబడినవారికి నూతిగట్టే న్యాయస్థానము. కాని ఆ నూతిగట్టుననే బాలవితంతువుల బ్రతుకులను బుగ్గిచేసిన మాటలును బుట్టినవి. కావున స్థలమునుబట్టి గాని, మాటాడువారు స్త్రీలా పురుషులా యని గాని నిర్ణయింపరాదు. ఎవరిని రక్షించుటకు, ఎవరి నేమి చేయుటకు ఆ మాట పలుకబడినదో చూడవలయును.

షెరిడన్ కృతమై 1777లో లండనులో బ్రదర్శితమైన 'ది స్కూల్ ఫర్ స్కాండల్' అను ప్రహసనమును ముందుగా జదివిరి. అందు పరనిందయే వృత్తిగా గలవారు తెర లేచినతోడనే పత్రికల కెక్కించిన యపవాదములను గూర్చి ముచ్చటించుకొందురు. అట్టివారిని జూచి మనము నవ్వుదుము. వారు మనము కామని మనకు ధైర్యము. అంతకంటె నన్ను గలతపెట్టినది జేన్ ఆస్టెన్ 1815లో బ్రకటించిన 'ఎమ్మా' అను నవల.

అందు మిస్ బేట్స్ అను నొక పేద యవివాహిత గలదు. ఆమెకు నోటికి విరామము లేదు. ఎవరి యింట నేమి వండిరి, ఎవరికి జాబు వచ్చెను అని యెల్లప్పుడును చెప్పుచునే యుండును. ఊరివారికి నవ్వులాట. కాని ఆమె మాటలవలన నెవరి మానమునకును హాని కలుగదు. అందఱి మేలును గోరు హృదయ మామెది. కథానాయిక యగు ఎమ్మాయో ధనవతి, రూపవతి, బుద్ధిమంతురాలు. మిస్ బేట్స్ మేనగోడలైన జేన్ ఫేర్‌ఫాక్స్‌నకు గుట్టుగా నొక పియానో బహుమానముగా రాగా, ఆమె స్నేహితురాలి భర్తయే దానిని బంపెనని ఎమ్మా యూహించి, ఆ యూహను సరసముగా నొక యువకుని చెవిని వేయును. ఆధారము లేదు, ఊహకు సొగసు మాత్రము గలదు. జేన్ నిరుపేద; పరుల యిండ్ల బిడ్డలకు జదువు చెప్పి బ్రతుకవలసినది. అట్టిదాని కీ వదంతి యంటినచో నే యింటివారు చేర్చుకొందురు? ఆ యువకుడే రహస్యముగా జేన్‌ను వరించి పియానో బంపినవాడని పిమ్మట దెలియును. వాగుడుకాయ యని పేరొందినది పేదరాలు. అపవాదమును సృజించినది విద్యావతి. ఎమ్మా దానిని గుసగుస యనుకొనలేదు, తన సూక్ష్మబుద్ధి యనుకొనెను.

ఇది చదివిన సాయంకాలముననే, సోదరులారా, నేను చెప్పెదనన్న సంగతి జరిగినది.

ఎమ్మాను గూర్చి రెండు గంటలు చర్చించి అందఱమును తేనీరు గ్రోలుచుంటిమి. మాలో నొక విద్యార్థిని మూడు వారములుగా వచ్చుటలేదు. ఒకరు కారణ మడిగిరి. ఒకరు చదువు మానవచ్చు ననిరి. మఱియొకరు ఆమెతో గానవచ్చుచుండిన యొకానొకని పేరు మెల్లగా నెత్తిరి. ఎవరును మోటుమాట యాడలేదు. మనము చదువుకొన్నవారము గదా. చాడీ యనము, విశ్లేషణ మందుము. నేనును ఒక చమత్కారవాక్యము పలికితిని. అందఱును నవ్విరి. ఆ నవ్వు నాకు బ్రియముగా నుండెను. సరిగా నప్పుడే యామె తాను దీసికొన్న పుస్తకమును దిరిగి యిచ్చుటకై ద్వారమున నిలిచియుండెను. ఏమి విన్నదో యెఱుగను. మేమందఱమును ఒక్కమారుగా మౌనము వహించితిమి. వినకున్నను ఆ మౌనమే యామెకు సర్వమును దెలిపియుండును. పుస్తకము బల్లపై నుంచి నమస్కరించి వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్రరాలేదు. బాల్యమున మా యింట ప్రతి వినాయక చవితినాడును వినిన శ్యమంతకోపాఖ్యానము స్ఫురించినది. మణి ధరించి వేటకేగిన ప్రసేనుడు తిరిగి రాకుండుటచే, బహుశః కృష్ణుడే చంపియుండునని సత్రాజిత్తు పలికెను. అది విని జనులు చెవినుండి చెవికి జెప్పుకొనిరని భాగవతకథ. ఆ 'బహుశః' యను మాట యెన్నవ చెవియొద్ద జాఱిపోయియుండునో! మా గోష్ఠిలోనైన నది రెండవ నోటనే జాఱినది.

కృష్ణు డేమి చేసెను? ఎదురు వదంతి పుట్టింపలేదు. పౌరులను వెంటగొని యడవికి బోయి, ప్రసేనుని కళేబరమును, వానిని జంపిన సింహము జాడను, ఆ సింహమును గూల్చిన జాంబవంతుని గుహను వారికే చూపెను. ఇరువదియెనిమిది దినములు పోరాడి మణి దెచ్చి, సత్రాజిత్తును రాజసభకు బిలిపించి, అందఱు వినుచుండగా జరిగినది చెప్పి చేతి కిచ్చెను. నింద చెవులలో బుట్టినది. దాని పరిహారము సభలో జరిగినది. సత్రాజిత్తు తలవంచుకొని యింటికి బోయెను.

ఈ కథ వినినవారు నీలాపనిందలు రాకుండుటకై అక్షతలు శిరమున ధరింతురు. నేను నెన్నియో యేండ్లు ధరించితిని. నాపై నింద పడకుండుటకే గాని, నేను పరులపై నింద వేయకుండుటకై యొక్క యక్షతయైన దలపై జల్లుకొన్న జ్ఞాపకము లేదు. కృష్ణునికి రాజసభ యుండెను, వెంట నడచుటకు బౌరులుండిరి. ఆ బాలిక కెవరున్నారు? గుహ ద్వారమునొద్ద నిలిచిన పౌరులు సయితము పండ్రెండు దినములకే విసిగి మరలిపోయిరి. మేము మొదలే బయలుదేరలేదు.

మరుసటి వారము గోష్ఠిలో నేను లేచి, నేనాడిన వాక్యమును దిరిగి యున్నదున్నట్లు పలికి, నాకు దానికి లేశమైన నాధారము లేదని చెప్పితిని. నవ్విన చోట నెవరును నవ్వలేదు. ఒక విద్యార్థి కోపగించి, ఇంత చిన్నమాట కింత యేల యని లేచిపోయెను. వేఱొకతె యా బాలిక యింటికి బోయి పిలుచుకొనివత్తు ననెను. ఆమె రాలేదు. నేనొక జాబు వ్రాసితిని. ప్రత్యుత్తరము లేదు, కోరుటకు నాకు హక్కును లేదు. తరువాత మేము జార్జి ఎలియట్ వ్రాసిన 'మిడిల్‌మార్చ్' మొదలిడినప్పుడు ఒక ప్రతిని ఆమె చిరునామాకు బంపితిమి. అది మాత్రము తిరిగి రాలేదు.