పాలు మాన్పించేదాకా

బొలీవియాలోని కోచబాంబా లోయలో మట్టిగోడల నెర్రెల్లో వించూకా అనే పురుగు దాక్కుంటుంది. రాత్రి నిద్రపోయేవాళ్ళ నెత్తురు తాగి అక్కడే విసర్జిస్తుంది. దురదకు గోక్కుంటే ఆ మలంలోని పరాన్నజీవి ఒంట్లోకి దిగుతుంది. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ చాగస్ దాన్ని ఒక రెండేళ్ళ పాప నెత్తుటిలో చూశాడు. జబ్బుకు ఆయన పేరే నిలిచింది. సోకినవాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. పదిమందిలో ముగ్గురి దాకా చివరికి గుండె చెడుతుంది.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల పెద్దదై పనికోసం స్పెయిన్ వెళ్ళిందనుకోండి. నెల తప్పాక చేసే రక్తపరీక్షలో జబ్బు బయటపడుతుంది. సోకిన తల్లులు నూరుమంది ఉంటే సుమారు ఐదుగురి బిడ్డలకు అది దిగుతుంది. మందు ఉంది. బెంజ్‌నిడజోల్, మామూలుగా 60 రోజులు. అయినా అప్పుడు ఇవ్వరు. కడుపులో బిడ్డకు ఏమవుతుందో తెలియదంటారు.

ఆ ‘తెలియదు’ దగ్గరే నా మనసు ఆగిపోతుంది. గర్భిణులను మందుల పరీక్షల్లో చేర్చుకోరు. చేర్చుకోరు కనక తెలియదు, తెలియదు కనక ఇవ్వరు. థాలిడొమైడ్ మింగిన తల్లులకు చేతులు లేని పిల్లలు పుట్టడం చూసిన లోకం జడుసుకోవడంలో తప్పేముంది? మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన బోదకాలు మందు ఊరంతా పంచేటప్పుడూ గర్భిణిని వదిలేసే పక్కింటికి వెళ్తారు. భయం న్యాయమైనదే. కానీ భయం ఎన్నేళ్ళు శాస్త్రం కుర్చీలో కూర్చోవాలి?

ఇంతకన్నా చేదు ప్రశ్న ఇంకొకటి ఉంది. కడుపు రాకముందే బెంజ్‌నిడజోల్ వాడిన ఆడవాళ్ళ బిడ్డలకు జబ్బు సోకడం చాలా అరుదని తేలింది. మరి పదిహేనేళ్ళప్పుడు ఆ పిల్ల నెత్తురు ఎవరూ ఎందుకు చూడలేదు? లోపల ఇంకో ప్రాణం పడ్డాకే ఆమె ప్రాణం లెక్కలోకి వచ్చిందా? తలరాత అంటారేమో. గోడ నెర్రెలు పూడిస్తే మారిపోయేదాన్ని తలరాత అనడానికి నాకు నోరు రాదు.

పురుడయ్యాక బిడ్డ నెత్తురు చూస్తారు. సోకిందని తేలి, ఏడాది నిండేలోపు మందు పడితే దాదాపు అందరికీ నయమవుతుంది. తల్లిని మాత్రం చాలాచోట్ల పాలు మాన్పించేదాకా ఆగమంటారు. ఒంట్లో జబ్బు పాతబడేకొద్దీ ఆ మందు పనిచేయడం తగ్గుతుంది.