నేర్పితే వెళ్ళిపోతుంది

మా మేనకోడలు రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరినప్పుడు మొదటి ఆర్నెల్లూ ట్రైనింగ్ అన్నారు. అది ఇచ్చినందుకు రెండేళ్ళు అక్కడే పని చెయ్యాలన్నారు. పూచీగా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. "పని నేర్పుతున్నారు కదత్తా, ఆమాత్రం ఉండాలిగా" అంది పిల్ల. నాకూ న్యాయమే అనిపించింది. రెండేళ్ళు నిండి సర్టిఫికెట్లు చేతికొచ్చిన రోజునే బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

ఆ రెండేళ్ళూ ఆమె అక్కడ ఉందనాలా, ఉంచారనాలా?

ఈ ప్రశ్న నన్ను మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నరసాపురం పక్క పల్లెలో అమ్మ నలభయ్యేళ్ళు లేసు అల్లింది. ఆమెనెవరూ బాండు అడగలేదు. అయినా ఆ పని వదల్లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ స్త్రీలు ఈ ప్రాంతంలో నేర్పిన విద్య అది. తల్లి నుంచి కూతురికి అందుతూ వచ్చింది. ఏజెంటు దారం తెచ్చిచ్చేవాడు, అల్లింది పట్టుకుపోయేవాడు. అమ్మకి వచ్చింది చేతిపని, అంటే చిన్న చిన్న పువ్వులు అల్లడం. వాటిని కలిపే అతుకు పని ఇంకొకామెది. పూర్తయిన బల్లగుడ్డ ఏ దేశం పోతుందో, అక్కడ దాని ఖరీదెంతో అమ్మకి తెలియదు.

నరసాపురం లేసు పనివారి గురించి జర్మన్ స్త్రీవాది మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్ళని తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే వాళ్ళకి అంత తక్కువ కూలి ముడుతోందని ఆమె చూపించింది. అది చదివాక నాకొకటి అర్థమైంది. అమ్మకి పని చెయ్యడానికి కావలసినంత నేర్పారు. ఆ పని పట్టుకుని బయటికి నడవడానికి కావలసింది మాత్రం నేర్పలేదు. బేరం, లెక్క, మార్కెట్టు మగవాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. సగం నేర్పడం కన్నా గట్టి బాండు ఏముంటుంది?

ఈ సగం చదువు మనకి కొత్త కాదు. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అంటూనే కదా మనల్ని పెంచారు. ఎప్పటికైనా వెళ్ళిపోయేదానికి అంత ఖర్చెందుకన్నది ఇంటి లెక్క. పెళ్ళయితే మానేస్తుంది, ట్రైనింగ్ దండగన్నది ఆఫీసు లెక్క. రెండు చోట్లా నేర్పకపోవడానికి సాకు ఒక్కటే, వెళ్ళిపోతుందని. కొడుకు అమెరికా వెళితే గొప్పగా చెప్పుకునే ఇళ్ళే ఇవి.

అయితే ఎదుటివాళ్ళ బాధ కూడా వినాలి. చిన్న ఊళ్ళో నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరు స్నేహితురాలొకామె ఉంది. తను దగ్గరుండి పని నేర్పిన పిల్లలు ఏడాది తిరక్కుండా హైదరాబాదుకో గల్ఫుకో వెళ్ళిపోతారు. మళ్ళీ కొత్తవాళ్ళతో మొదటికి రావాలి. ఆమె పెట్టిన సమయానికి విలువ లేదని నేననలేను. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళలోపు మానేసిన ఉద్యోగి 2 లక్షల రూపాయలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. మధ్యలో వెళ్ళిపోతే కొత్తవారిని తీసుకోడానికయ్యే ఖర్చుని లెక్కలోకి తీసుకుంది. కానీ అక్కడ కూడా అతను డబ్బు కట్టి బయటికి రాగలిగాడు. బీరువాలో సర్టిఫికెట్లున్న పిల్లకి ఆ దారీ లేదు. ఇంతని చెప్పిన బాకీ తీర్చుకోవచ్చు. ఎంతో చెప్పని కృతజ్ఞత ఎన్నాళ్ళకి తీరుతుంది? ఆడవాళ్ళని ఎక్కువగా కట్టిపడేసేది ఈ రెండోదే.

మా స్నేహితురాలికి నేను చెప్పింది ఇదే. నేర్పినందుకు వెళ్ళిపోవడం లేదు వాళ్ళు. నేర్చుకున్నాక కూడా అదే జీతం, అదే "అమ్మాయ్, ఇలా రా" అన్న పిలుపు ఉంటే వెళ్ళిపోతున్నారు. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. "నా దగ్గర అంత డబ్బెక్కడిదే?" అంది. అదీ నిజమే. కానీ డబ్బు లేకపోవడం వేరు, లేదు కాబట్టి వాళ్ళని పట్టి ఉంచే హక్కుందనుకోవడం వేరు.

మా మేనకోడలిప్పుడు కాకినాడలో ఇంకో ఆసుపత్రిలో ఉంది. డయాలసిస్ పని నేర్పారు, నేర్చాక జీతం పెంచారు. కాగితాలు ఆమె దగ్గరే ఉన్నాయి. నాలుగేళ్ళయింది. ఇంకెక్కడా చూసుకోవా అని అడిగితే, "వెళ్ళాలంటే వెళ్ళొచ్చు కదత్తా, తొందరేముంది?" అంది.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు లేసుకి దక్కింది, సంతోషమే. ఆ గుర్తింపు పువ్వులల్లే చేతుల దాకా ఎంతవరకు వస్తుందో చూడాలి. అమ్మ అది చూడకుండానే పోయింది. ఈ పని మానేసి ఇంకేమైనా చేస్తావా అని ఆ నలభయ్యేళ్ళలో ఆమెనెవరూ అడగలేదు. నేనూ అడగలేదు.