పెద్దల మాట ఎలా రాయాలి?

పోడు చేసిన పెద్దలను తమ సాగు అనుభవాలు చెప్పమని అడుగుతున్నాం. చెప్పింది ఉన్నదున్నట్టు రాసే ధైర్యం మనకుందా?

2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచే భూమి మన చేతిలో ఉండాలి. హక్కు కోరినవారు కాక వేరే పెద్దలు చెప్పి రాయించిన మాటను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని దాని నిబంధనల్లో 13వది చెబుతుంది. కాగితాల్లేని మనకు ఇది చిన్న సంగతి కాదు.

అయితే పెద్దలు సాగు ఒక్కటే చెప్పరు. కొండవాలు నరికి, కాల్చి, సామ, కొర్ర, చోడి చల్లి, రెండు మూడేళ్లు పండించి వదిలేశామంటారు. తుప్పలు బాగా పెరిగాక మళ్లీ అక్కడికే వచ్చామంటారు. ‘వదిలేశాం’ అని రాస్తే పట్టా పోతుందేమోనని రాసేవారి చెయ్యి ఆగుతుంది. ఆ మాట కొట్టేస్తే దరఖాస్తు చక్కగా కనబడుతుంది. చదువుకున్నవాళ్లకు ఆ చక్కదనం మీద మోజెక్కువ. కానీ నేలకు విశ్రాంతినివ్వడమూ సేద్యమేనన్న తెలివి ఆ మాటలోనే ఉంది. మేమైతే దాన్ని ఉంచుతాం. ఎందుకు వదిలారు, ఎన్నేళ్లకు తిరిగొచ్చారు, హద్దు ఏ చెట్టు, ఏ గెడ్డ అని ఇంకా అడుగుతాం. రాసినదంతా వాళ్లకు చదివి వినిపించాకే వేలిముద్ర వేయమంటాం.