తంతులును మాటలును
ధ్యానభాగము: 1 కొరింథీ. 14:7–15



మన పల్లె సంఘములలో పాడు గొంతుకలు తగ్గిపోవుచున్నవి. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ తెరువబడినది మొదలు ఆ వైపునకు ఉద్యోగములకై వెళ్లినవారిలో మన బిడ్డలును గలరు. టెనర్, బాస్ పాడవలసిన యౌవనులు గచ్చిబౌలి అద్దెగదులలో నుండగా, ఇక్కడ చాపలమీద మిగిలినవారు అమ్మమ్మలు, తాతయ్యలు, పసివారు. పండుగకు బిడ్డలు గిటారు పట్టుకొని వచ్చినయెడల “గుడిలో ఇదేమి వాద్యము?” అని పెద్దలు గొణుగుదురు. కాబట్టి ఒక పాత సంగతి మీ యెదుట నుంచుచున్నాము.

ఐరోపాలో ల్యూటు అను తంతివాద్యము మిక్కిలి ఆదరణ పొందియుండెను. సగమునకు కోసిన బేరిపండు వంటి బుర్ర, పేగుతో పేనిన జంట తీగెలు. మార్టిన్ లూథరుగారు సహితము దీనిని వాయించెడివారు. మొదట ఈకతో మీటుచుండిరి. అప్పుడు ఒక్క వరుసయే పలికెడిది. 15వ శతాబ్దపు చివరి దినములలో ఈకను విడిచి వ్రేళ్లతో మీటసాగిరి. అంతట ఒక్క మనిషి చేతిలోనే రెండు మూడు గొంతుకల వరుసలు కలిసి పలికెను. గాయకబృందముల పాటలను ల్యూటునకు అమర్చుట ప్రబలమాయెను. 1507లో వెనిసునందు స్పినాచీనో యొక్క ల్యూటు పుస్తకములు ఇట్టి పాటలతో అచ్చుపడెను. గీతలు తీగెలకు గుర్తు, వాటిమీది అంకెలు వ్రేలుంచు చోటికి గుర్తు. మన పిల్లలు ఫోనులో చూచుకొను గిటారు ట్యాబు ఆ పద్ధతిదే సుమా!

ఆ అమరిక సులభమైన పని కాదు. గొంతుక ఒక స్వరమును దీర్ఘముగా నిలుపును. తీగె మీటిన వెంటనే నాదము సన్నగిల్లును. అందుచేత దీర్ఘస్వరమున్న చోట చిన్న చిన్న స్వరములు పరుగెత్తించిరి. చేయి అందనప్పుడు ఏదో యొక వరుసను వదలవలసివచ్చెను. 1509లో బోసినెన్సిస్ అనునతడు పై గొంతుకను గాయకునికిచ్చి, టెనర్, బాస్‌లను ల్యూటున కప్పగించి, ఆల్టోను బొత్తిగా విడిచిపెట్టెను. (ఆల్టో పాడు మన అక్కలు నొచ్చుకొనకుందురు గాక.) 1597లో లండనున డౌలండ్ తన పాటలను, ఒక బల్లచుట్టు నలుగురు కూర్చుండి పాడుటకైనను, ఒక్కరే ల్యూటుతో పాడుటకైనను వీలగునట్లు అచ్చువేయించెను.

గాయకుని ఎందుకు ఉంచుకొనిరి? నాలుగు గొంతుకలను మోయగల తీగె “కనికరింపుము” అను ఒక్క మాట పలుకజాలదు. పాట ఎరిగినవాని చెవికి మాట తోచును. క్రొత్తగా వచ్చినవానికి నాదము మాత్రమే. వాద్యధ్వనులలో భేదము తెలియవలెననియు, మనస్సుతోను పాడవలెననియు పౌలు కొరింథువారికి వ్రాసినది దీనికి తగియున్నది.

నాలుగు గొంతుకల అనువాద గీతములలో టెనర్, బాస్‌లను గిటారున కప్పగించుటకు మేము సమ్మతింతుము. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనల సంగతి వేరు. అవి రాగమున నడచునవి. ప్రతి అక్షరము క్రింద తీగెలన్నియు మ్రోగించినయెడల రాగము ఊపిరాడక పోవును. అక్కడ శ్రుతి మాత్రము మెల్లగా పట్టిన చాలును.

ఆ కీర్తనల చరణములన్నియు పుస్తకము చూడక పాడగలవారు ఇప్పుడు ఊరికి ఇద్దరో ముగ్గురో ముసలమ్మలు. బిడ్డలారా, క్రిస్మసుకు రెండు దినములు ముందుగా సెలవు దొరికినయెడల, గిటారును గోడకానించి, మొదట ఆమె ప్రక్కన కూర్చుండి చరణము వెంబడి చరణము నేర్చుకొనుడి.